పచ్చిక మీద దిమ్మ దించనివ్వం

మా ఊళ్ళో అందరూ సముద్రాన్ని ఒడ్డునుంచి చూసినవాళ్ళే. పైనుంచి చూసినవాళ్ళు లేరు. కొత్త హోటలువాళ్ళు డాబా మీద నీడకి గుడ్డ పందిరి కావాలని కబురు పెట్టకపోతే నేనూ చూసి ఉండేదాన్ని కాదు.

నేను పడవలకి ముసుగులు కుడతాను. ఎండకీ వానకీ పాడవకుండా పడవ మీద కప్పే కాన్వాసు ముసుగులు. మా ముందు గదంతా అదే సరంజామా. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకి ఆనించి నిలబెట్టిన గుడ్డ చుట్టలు, దబ్బనాలు గుచ్చిన దిండు, మైనం పూసిన దారం. లోపలికి రావాలంటే పక్కకి తిరిగి నడవాలి. "ఇది ఇల్లా, గోడౌనా?" అని మా అత్తగారు అడుగుతూనే ఉంటారు. అడిగి, ఆ చుట్టల మీదే తల వాల్చి కునుకు తీస్తారు.

ఆ రోజు హోటలు డాబా మీద కొలతలు తీసుకుంటున్నాను. టేపు ఒక కొస మేనేజరు పట్టుకున్నాడు. ఆయనకి ఎత్తంటే భయం. పిట్టగోడ దగ్గరికి రమ్మంటే, "మీరు వెళ్ళండమ్మా, నేను ఇక్కడినుంచి గట్టిగా పట్టుకుంటాను" అని మెట్ల గది తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేనే వెళ్ళాను. గాలి పడిపోయింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కిందికి చూశాను.

అడుగున పచ్చిక కనిపించింది. సముద్రం అడుగున పెరిగే గడ్డిని మేం పచ్చిక అనే అంటాం. నల్లటి ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుంది. ఆ దుప్పటి నిండా గుండ్రటి తెల్లటి కన్నాలు. ఎవరో పెద్ద కత్తెర తీసుకుని, గుండ్రంగా కత్తిరించి, ముక్కలు తీసి పారేసినట్టు. మొదట మబ్బు నీడలనుకున్నాను. తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బు లేదు.

"బాగుంది కదమ్మా?" అని అరిచాడు మేనేజరు వెనకనుంచి. "మా గెస్టులు అందరూ ఫోటోలు తీసుకుంటారు. డిజైన్ అనుకుంటున్నారు."

ప్రతి పడవా ఒక కన్నం మధ్యలో నిలబడి ఉంది. ప్రతి పడవ వెనకా కన్నాల వరస ఉంది, బొత్తాల వరసలాగా. మా పడవ వరస గుర్తుపట్టడానికి నాకెంతో సేపు పట్టలేదు. పైనుంచి చూసినా మా పడవ ముసుగు నేను కుట్టిందే కదా, మధ్యలో నీలం అతుకుతో సహా. ఆ వరస వెంట చూపు వెనక్కి పోనిస్తే, చదును బండ పక్కన మొదటి కన్నం. నేను కోడలిగా వచ్చిన ఏడు మా మామగారు దిమ్మ దించిన చోటు అది. ఆ తరవాత నా కూతురు పుట్టింది, పెరిగింది, దానికి పెళ్ళయింది, దానికో పిల్ల పుట్టింది. ఆ కన్నంలో మాత్రం గడ్డిపోచ మొలవలేదు.

టేపు నా చేతిలోంచి జారి చరచరా చుట్టుకుపోయింది. మేనేజరు బెదిరిపోయి కూర్చుండిపోయాడు.

విషయం చెప్పాలి. మా రేవులో పడవలు లంగరు వేసుకుని నిలబడవు. ఒక్కో పడవకి సముద్రం అడుగున ఒక కాంక్రీటు దిమ్మ ఉంటుంది. దిమ్మకి ఇనప గొలుసు, గొలుసు పై కొసకి పడవ. ఏటా సీజను మొదలయ్యే ముందు ఒక రోజున దిమ్మలన్నీ పైకి లేపి, కాస్త ముందుకి జరిపి మళ్ళీ దించుతారు. దాన్ని మార్పు రోజు అంటాం. ఆ పద్ధతి పెట్టింది మా మామగారు. "ఒకేచోట బరువు మోపితే నేలకి నొప్పిరా. జరపండి, దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి" అనేవారు. సముద్రం పట్ల అంత దయగా ఆలోచించిన మనిషి మా రేవులో ఇంకొకరు లేరని అందరూ చెప్పుకునేవారు. నేనూ చెప్పుకున్నాను. ప్రతి మార్పు రోజునా గట్టు మీద నిలబడి, మా దిమ్మ నీళ్ళలోకి దిగుతుంటే చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నాను.

ఎవరికి నొప్పి తగ్గించాం?

ఇంటికొచ్చేసరికి మా ఆయన పెరట్లో రంపపు పొట్టుతో చేతుల గ్రీజు రుద్దుకుంటున్నారు. ఆయన పంటు నడుపుతారు. పంటంటే బరువులు లేపే వించి బిగించిన బల్లపరుపు పడవ. రేవు సంఘానిది. దిమ్మల్ని లేపేదీ దించేదీ అదే.

చూసిందంతా చెప్పాను. ఆయన రుద్దడం ఆపేశారు.

"గొలుసు కింది భాగం ఎప్పుడూ మెరుస్తూ వస్తుంది" అన్నారు.

"అంటే?"

"పైకి లాగినప్పుడు పైభాగం పాచి పట్టి, గుల్లలు పట్టి ఉంటుంది. కింద దిమ్మ దగ్గరి భాగం మాత్రం తోమిన గిన్నెలా తళతళలాడుతూ వస్తుంది. మంచి ఇనుమనుకునేవాణ్ణి. గాలికి పడవ తిరుగుతుంది కదా. దాంతోబాటు గొలుసు అడుగున చుట్టూ ఈడ్చుకుంటూ తిరుగుతుందన్నమాట. చీపురు తిప్పినట్టు."

"మరి మనం ప్రతి ఏడూ ఆ చీపురుని కొత్త చోట పెడుతున్నాం."

"పాత చోటు కోలుకుంటుందనే కదే."

"కోలుకోలేదు. చూశాను."

వంటింటి గుమ్మంలో అలికిడైంది. మా అత్తగారు. ఎంతసేపటినుంచి వింటున్నారో. "అంటే, మీ మామగారు తప్పు చేశారంటావు" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే భయం వేసింది.

"నాకు తెలీదు అత్తయ్యా. మీరొకసారి వచ్చి చూడండి."

"నేనా? అన్ని అంతస్తులు ఎక్కి?"

"లిఫ్టుంది."

మర్నాడు పందిరి గుడ్డ రంగు చూపించే వంకతో ఆవిణ్ణి తీసుకెళ్ళాను. లిఫ్టు తలుపులు మూసుకోగానే నా మోచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. "కదులుతోందా?" అన్నారు. "వచ్చేశాం" అన్నాను. "ఇంతేనా, దీనికేనా ఇంత హడావిడి!" అని విసుక్కుంటూ బయటికొచ్చి, మేనేజరుని దాటుకుని నేరుగా పిట్టగోడ దగ్గరికి నడిచారు.

పిట్టగోడ మీదికి వంగి కిందికి చూశారు. తరవాత, "మనది ఏది?" అని అడిగారు. చూపించాను. వేలు గాల్లో పెట్టి మొదటి కన్నంనుంచి ఒక్కొక్కటే తాకుతున్నట్టు కదిపారు.

"నా చిన్నప్పుడు ఆటుకి నీరు తీసినప్పుడల్లా అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళం, గవ్వలకి. గడ్డి పిక్కలకి తగిలి చక్కిలిగింతలు పెట్టేది. అడుగేస్తే బుడుంగుమని చేప పిల్లలు లేచేవి. ఇప్పుడు ఒడ్డున నీళ్ళెప్పుడూ బురదగానే ఉంటాయి, చేపలు రావట్లేదు, కాలం మారింది అనుకున్నాను." ఆగి, పైట చెంగుతో ముక్కు తుడుచుకున్నారు. "నేలకి నొప్పి పెట్టకూడదన్నారు ఆయన. ఆ మాటలో తప్పేమీ లేదు. చేసిన పనే తప్పు. ఆయన మాట ఉంచుదాం, పని మానేద్దాం."

అప్పుడు కొండకొమ్ము అవతల చూశారు. కొమ్ము దాటాక సముద్రం లోపలికి వంగిన ఒక మలుపుంది. అక్కడింకా దిమ్మ పడలేదు. దుప్పటి ఎక్కడా చిరగకుండా, అంచులతో సహా ఉంది.

"ఈ ఏడు మార్పు ఎక్కడికి?" అన్నారు.

"అక్కడికే. బావగారు నిర్ణయించేశారు. మన పడవలన్నీ, వాటితోబాటు హోటలువాళ్ళ కొత్త పడవలూ."

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, రేవు సంఘం ప్రెసిడెంటు. మంచివారే. తెల్లవారకముందే లేచి గట్టంతా తిరిగి ఎవరి తాడు అరిగిందో చూసి చెప్పే మనిషి. ఒకసారి మాటిస్తే మాత్రం వెనక్కి తీసుకోరు. అదే గొప్ప గుణమని ఆయన్ని ప్రెసిడెంటుని చేశారు.

మార్పు ముందు రోజు సాయంత్రం సంఘం గదిలో మీటింగు. తాళ్ళు వేలాడే కొక్కేలు, కీచుమనే ఫ్యాను, సగం తాగి వదిలేసిన టీ గ్లాసులు. ఒక్కో పడవకి ఒక్కో చెయ్యి, అదీ లెక్క. మా పడవ అత్తగారి పేరు మీద ఉంది కాబట్టి ఆవిడ ముందు వరసలో కూర్చున్నారు, పక్కన నేను. ఇప్పటిదాకా ఆ గదిలో ఆడవాళ్ళు మాట్లాడగా నేను వినలేదు. నిజం చెప్పాలంటే మాట్లాడాలనీ నాకు అనిపించలేదు. లేచి నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీర కొంగు పట్టుకున్నాను.

చూసింది చెప్పాను. తరవాత మా ఆయనా నేనూ కలిసి అనుకున్నది చెప్పాను. దిమ్మల్ని ఎక్కడున్నవి అక్కడే, బోడి అయిపోయిన చోటే ఉంచాలి. ఇక జరపకూడదు. గొలుసు కింది భాగానికి వలబెండ్లు కట్టాలి, అది నేల మీద పడకుండా నీళ్ళలో తేలుతూ ఉంటుంది. బెండ్లు పెట్టడానికి కాన్వాసు సంచులు నేను కుట్టి ఇస్తాను.

"గొలుసు తేలితే ఇంకేముందమ్మా" అన్నారు బావగారు, నెమ్మదిగానే. "దాని బరువే పడవకి బ్రేకు. గాలికి పడవ ఒక్క గుంజు గుంజితే తెగిపోతుంది."

"పైభాగం గొలుసు తీసేసి నైలాను తాడు వేద్దాం అన్నయ్యా" అన్నారు మా ఆయన. "తాడు సాగుతుంది. గుంజు అది తీసుకుంటుంది."

"తాడంట!" వెనకనుంచి ఎవరో నవ్వారు. "రేపు రబ్బరు బ్యాండు అంటాడు."

"నీ ప్యాంటు నడుముకున్నది రబ్బరు కాదా? ఇన్నాళ్ళూ పట్టుకుని ఉంది కదా నీ అంత బొజ్జని!" అన్నాడు రేడియో. రేడియో అంటే మా పక్కింటి పడవతను. నిద్రలో కూడా మాట్లాడతాడని వాళ్ళావిడే పెట్టిన పేరు. గదంతా నవ్వింది. బావగారు కూడా మీసం చాటున నవ్వి, వెంటనే సర్దుకున్నారు.

"నవ్వులాట కాదు. ఇక్కడ నేల ఖాళీ అయిపోయింది. వట్టి ఇసక. మొన్న గాలికి మూడు దిమ్మలు జారాయి, మీ అందరికీ తెలుసు. అవతల గడ్డి ఉంది, దిమ్మని పట్టుకుని ఉంచుతుంది. పడవలు భద్రంగా ఉండాలా వద్దా?"

"ఇక్కడా గడ్డి పట్టుకునే ఉంచింది బావగారూ" అన్నాను. "దాన్ని మనమే ఊడ్చేశాం. అక్కడ కూడా ఊడ్చేశాక ఎక్కడికి జరుపుతారు? ఆ తరవాత ఇంక సముద్రం లేదు, కొండే."

ఫ్యాను కీచుమంది.

"హోటలువాళ్ళకి మాటిచ్చాను" అన్నారు బావగారు. "పైగా ఇది నాన్న పెట్టిన పద్ధతి. అమ్మ ముందే దాన్ని తప్పంటున్నావు అమ్మాయ్. నీకెలా ఉందో గానీ, నాకు బాధగా ఉంది."

నాకూ బాధగానే ఉంది. ఆ మాట చెప్పేలోపు అత్తగారు అందుకున్నారు. "ఒరేయ్ పెద్దోడా, ఆయన నీకు నాన్న కాకముందే నాకు మొగుడు. ఆయన పరువు సంగతి నేను చూసుకుంటాను. నువ్వు గడ్డి సంగతి చూడు."

చేతులు ఎత్తమన్నారు. మా వైపు అత్తగారి చెయ్యి, రేడియో చెయ్యి, ఇంకో రెండు మూడు. మిగతావాళ్ళు నేల చూపులు చూస్తూ అటువైపే ఎత్తారు. వాళ్ళని నేను తప్పుపట్టలేను. పడవ పోతే ఇల్లు పోయినట్టే. వించి తిప్పాల్సింది మా ఆయనే కాబట్టి బావగారు ఆయన వైపు చూసి, "పొద్దున్నే పంటు తియ్యి" అన్నారు.

ఆయన తల ఊపారు. అది ఔననో కాదనో నాకే తెలియలేదు.

పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నాను. రోజూ చదువుకునేది నోటికి రాలేదు. స్వామీ, నువ్వు పైనుంచే చూస్తావంటారు కదా. ఆ కన్నాలన్నీ నీకు మొదటి ఏడునుంచీ కనిపిస్తూనే ఉన్నాయి. నీ పేరు తలుచుకునే దించాం ప్రతి దిమ్మనీ. ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? అని అడిగాను. అడగ్గానే మెరిసే గొలుసు గుర్తొచ్చింది. చెప్పాడేమో. ఏటా మా ఆయన చేతికే అందించి చెప్పాడేమో. మంచి ఇనుమని మేం మురిసిపోయాం. అక్కడితో లేచి గట్టు మీదకి వెళ్ళాను.

పంటు మీద మా ఆయన వించి దగ్గర, బావగారు ముందు కొసన. మొదట మా దిమ్మే లేపారు, ఎప్పుడూ ప్రెసిడెంటు ఇంటిదే ముందు. గొలుసు కరకరమంటూ పైకొచ్చింది. కింది భాగం ఎండకి తళుక్కుమంది. గట్టు మీదున్నవాళ్ళు ఈసారి దాన్నే చూశారు.

"పోనియ్యి" అన్నారు బావగారు కొండకొమ్ము వైపు చెయ్యి చూపిస్తూ.

మా ఆయన ఇంజను వైపు వెళ్ళలేదు. గొలుసుకి బెండ్ల సంచి కట్టారు. మేం ముందు రోజే కుట్టి ఉంచిన సంచి. పై కొసకి తాడు ముడేశారు. వించి వెనక్కి తిప్పారు. దిమ్మ లేచిన చోటికే దిగిపోయింది.

"ఏంట్రా ఇది?"

"నాది ఇక్కడే దించాను అన్నయ్యా. మిగతావాళ్ళు వాళ్ళవి ఇక్కడే దించమంటే దించుతాను. అవతలకైతే నేను రాను."

"మీటింగులో తేలిపోయిన విషయం!"

"అవును. చేతులెత్తారు. ఈ రెండు చేతులూ మాత్రం నావి."

వించి పిడి ఊడదీసి, గుడ్డతో తుడిచి, అన్నగారి చేతిలో పెట్టారు. బావగారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "రేపటినుంచి పంటెక్కకు" అన్నారు. "పక్క రేవునుంచి మనిషిని తెప్పిస్తాను. నీతోనే ఈ రేవు నడవట్లేదు."

"సరే అన్నయ్యా."

ఆయన గట్టెక్కి నా పక్కన నిలబడ్డారు. పెళ్ళప్పటినుంచీ ఆయన అన్నగారికి ఎదురు చెప్పడం నేను చూడలేదు. "ఇప్పుడేం చేద్దామే?" అన్నారు, చిన్నపిల్లాడిలా. పని పోయింది, పచ్చిక ఇంకా దక్కలేదు. పక్క రేవు మనిషి వస్తే ఒక్క పూటలో దుప్పటంతా కన్నాలే.

"తాడుంది కదా మనింట్లో" అన్నాను.

ఆ మలుపుకి అటో బండ, ఇటో బండ. మధ్యలో నోరు మరీ వెడల్పేం కాదు. పందిళ్ళకని తెచ్చిన తాడు చుట్టలు మా ముందు గదిలో ఎన్నో ఉన్నాయి. సాయంత్రంలోపు ఈ బండనుంచి ఆ బండకి నీటి మీద తాడు కట్టేశాం. మర్నాడు పొద్దున్నే మా పడవ తీసుకెళ్ళి దాని మధ్యలో కట్టాం. లంగరు వెయ్యలేదు, వెయ్యకూడదు కదా. మా పక్కన రేడియో పడవ వచ్చి చేరింది. "వదినా, మా ఆవిడ నన్ను ఇంట్లోంచి తరిమేసింది. అక్కడ ఎంతసేపు మాట్లాడినా ఎవరికీ ఇబ్బంది లేదు పొమ్మంది." మీటింగులో మా వైపు చెయ్యెత్తినవాళ్ళు వచ్చారు. చెయ్యెత్తనివాడు కూడా ఒకడొచ్చాడు, ప్యాంటు నడుము రబ్బరువాడు. ఎవరివైపూ చూడకుండా తాడుకి పడవ కట్టి, "గొలుసు మెరిసింది. మాదీ మెరుస్తుంది, ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను" అన్నాడు.

అత్తగారు మా పడవ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్నారు. "మీరెందుకు అత్తయ్యా, ఎండ" అంటే, "పడవ నా పేరు మీదుంది, నేను లేకుండా ఎక్కడికి తీసుకుపోతారు?" అన్నారు.

పంటు వచ్చింది. హోటలువాళ్ళ కొత్త దిమ్మలు పేర్చుకుని, నీళ్ళలో లోతుగా కూరుకుని వచ్చింది. ముందు కొసన బావగారు.

పక్క రేవునుంచి వచ్చిన పంటు మనిషి ఇంజను తగ్గించి మమ్మల్ని చూశాడు. తాడుని చూశాడు. కుర్చీలో గొడుగుతో ఉన్న ముసలావిణ్ణి చూశాడు. "ప్రెసిడెంటుగారూ, ఇది మీరు చెప్పలేదు" అన్నాడు.

"మా ఇంటి గొడవలే. వాళ్ళే తప్పుకుంటారు. కాసేపు ఆగు."

"ఆగాలంటే లంగరు వెయ్యాలి కదండీ."

"వెయ్యి."

"వెయ్యకు!" అరిచారు అత్తగారు. గొడుగు అతని వైపు కత్తిలా చూపించారు. "ఒరేయ్ నాయనా, నువ్వెవరో నాకు తెలీదు. నీ కింద ఏముందో ఒకసారి వంగి చూడు. చూశాక వేస్తానంటే వెయ్యి."

అతను నిజంగానే వంగి చూశాడు. నీళ్ళు అంత తేటగా ఉన్నాయి అక్కడ. నేనూ చూశాను. గడ్డి అంతా ఒకే వైపు వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలుతోంది. దాని మధ్యలోంచి వేలెడంత చేపలు గుంపుగా వెళ్ళి ఒక్కసారిగా మలుపు తిరిగాయి. అతను లంగరు మీద చెయ్యి తీసేశాడు. ఇంజను నడుపుతూనే పంటుని అక్కడే నిలబెట్టే ప్రయత్నం చేశాడు. గాలి పక్కకి తోస్తోంది. ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి.

"అమ్మా" అన్నారు బావగారు. "ఎండలో ఏంటిది? దిగు."

"దిగుతాను. నువ్వు దించనంటే."

"మాటిచ్చాను అంటుంటే!"

"నువ్వు హోటలుకి మాటిచ్చావు. హోటలు నిన్న మొలిచింది. దీనికెవరు మాటిచ్చారు?" నీళ్ళ వైపు చూపించారు. "మీ నాన్న ఇచ్చారు. నొప్పి పెట్టనన్నారు. ఆయన తెలియక తప్పారు. నువ్వు చూసి కూడా తప్పుతానంటే నేను ఇక్కడే కూర్చుంటాను."

"నేను చూడలేదు" అన్నారు బావగారు.

"అయితే వెళ్ళి చూడండి బావగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "లిఫ్టుంది. అందరూ చూసేదాకా ఎవరం కదలం. చూశాక కూడా దించాలంటే మా తాడు కొయ్యండి. కోసేది మాత్రం మీరే కొయ్యండి, ఆయనతో కోయించకండి."

బావగారు నా వైపు చూశారు. కోపమే ఉంది ఆ చూపులో, కానీ వెంటనే కిందికి, నీళ్ళలోకి జారింది. అక్కడ కాస్త సేపు ఆగింది. తరవాత తల పక్కకి తిప్పేసుకున్నారు.

"అయ్యా, నీరు తీస్తోంది" అన్నాడు పంటు మనిషి. "ఇంకాసేపుంటే ఇంత బరువుతో నేలకి తగులుకుంటాం. వెనక్కి పోవాలి."

"రేపు మళ్ళీ వస్తాం" అన్నారు బావగారు, మా అందరికీ వినపడేలా. "ఎన్నాళ్ళు కూర్చుంటారో నేనూ చూస్తాను."

"రండి" అన్నాడు రేడియో. "రేపటికి ఇంకా చాలా మాటలు మిగిలున్నాయి నా దగ్గర."

పంటు మెల్లగా తిరిగింది. దిమ్మల బరువుకి ఒక పక్కకి ఒరిగి, నీళ్ళు నురగ కట్టిస్తూ కొమ్ము వైపు కదిలింది. అది కాస్త దూరం వెళ్ళాక అత్తగారు కుర్చీలోంచి సగం లేచారు.

"ఒరేయ్ పెద్దోడా! రేపొచ్చేటప్పుడు నా బీపీ మాత్రలు పట్టుకురా. వంటింటి గూట్లో ఉన్నాయి. నేనిప్పుడు ఇంటికి రానుగా."

పంటు శబ్దంలో ఆయనకి వినపడిందో లేదో అనుకున్నాం. ఆయన వెనక్కి తిరిగారు. చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని అరిచారు.

"తెల్లవా, ఎర్రవా?"

"రెండూ!" అన్నారు అత్తగారు, గొడుగు సర్దుకుని మళ్ళీ కూర్చుంటూ.

మా ఆయన పడవ అంచుకి వంగి తాడు ముడి ఇంకోసారి బిగించారు. అవతలి పడవలోంచి రబ్బరువాడు తన వైపు ముడి బిగించాడు. నేను దబ్బనం తీసి ఒళ్ళో కాన్వాసు పరుచుకున్నాను. మిగతా పడవలవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, బెండ్ల సంచులు సిద్ధంగా ఉండాలి కదా.